కారు తలుపు చప్పుడు

టీవీలో సీరియల్‌ వస్తోంది. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. పెద్దాయనా నవ్వారు... ఒక్క క్షణం ఆలస్యంగా! ఎందుకు నవ్వారో ఆయనకు తెలీదు.

భువనగిరిలో లెక్కల సారుగా పనిచేసి రిటైరైన ఆయనకు నాలుగేళ్లుగా చెవులు సరిగా వినిపించడం లేదు. మిషన్‌ పెట్టుకుంటే మాటకంటే ఈలే ఎక్కువ. తీసి సొరుగులో పడేశారు. తర్వాత్తర్వాత మాట్లాడటమూ తగ్గించేశారు. ఇంట్లోవాళ్లకు భయం పట్టుకుంది అక్కడే.

ఒకప్పుడు జీతం రాగానే ఆయన పాసింజరు రైలెక్కి, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని సికింద్రాబాద్‌ వెళ్లేవారు. సంగీత్‌ థియేటర్లో ఇంగ్లిష్‌ సినిమా కోసం. (ఇప్పుడా థియేటర్‌ లేదు.) చదివింది తెలుగు మీడియం. గ్రెగరీ పెక్‌ మాటల్లో సగం కూడా అర్థమయ్యేవి కాదు. అయితేనేం? 'మెకన్నాస్‌ గోల్డ్‌'లో పొద్దు పొడుస్తుండగా రాతిస్తంభం నీడ సాగుతూ సాగుతూ బంగారు లోయకు దారి చూపిస్తుంటే, భాషతో పనేముంది! ఏకశిల మీద కోట ఉన్న ఊరివాడికి రాతి నీడ గురించి ఒకరు చెప్పాలా? తిరిగొచ్చాక స్టాఫ్‌రూమ్‌లో కథంతా చెప్పేవారు. అందులో సగం ఆయన సొంత కల్పనేనని తోటి సార్లకు అనుమానం.

మొన్న వేసవి సెలవులకు వచ్చిన మనవరాలు ఫోన్‌ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"తాతా, గిది జూడు. దీంట్ల మాటలు ఎవ్వరికీ ఇనవడయ్‌. నీకొక్కనికే కాదు!"

చార్లీ చాప్లిన్‌ 'సిటీ లైట్స్‌'. 1931 నాటిది. 1927లో 'ది జాజ్‌ సింగర్‌' వచ్చాక హాలీవుడ్‌ అంతా మాటల సినిమాల వెంట పరుగు తీసింది. చాప్లిన్‌ మాత్రం వినలేదు. సంగీతం, కొన్ని చప్పుళ్లు చేర్చి, మాటల్లేకుండానే తీశాడు.

అందులో పూలమ్మే అమ్మాయికి చూపు లేదు. దేశదిమ్మరి చార్లీని ఆమె ధనవంతుడని పొరబడాలి. మాటల్లేని సినిమాలో ఆ సంగతి చెప్పేదెలా? ఈ ఒక్క ముడి దగ్గర చాప్లిన్‌ నెలల తరబడి తల బద్దలు కొట్టుకున్నాడు. వర్జీనియా షెరిల్‌తో ఆ సన్నివేశాన్ని 300 సార్లకు పైగా తీశాడని చెబుతారు. చివరికి దొరికిన జవాబు... కారు తలుపు! రోడ్డు మీద ఆగి ఉన్న కారులోంచి దూరి చార్లీ ఇటువైపు దిగుతాడు. తలుపు మూసుకుంటుంది. అమ్మాయి అటు తిరిగి పువ్వు చాస్తుంది. కారు దిగినవాడు డబ్బున్నవాడే కదా మరి! ఆ చప్పుడు మనం వినం, చూస్తాం. అంతే.

సారు ఫోన్‌లో బొమ్మను వెనక్కి జరిపించుకుని మళ్లీ చూశారు.

"ఇనవడ్డదే బిడ్డా" అన్నారు.

ఏమిటన్నట్టు మనవరాలు చెయ్యి ఊపింది.

"తలుపు!"

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంటిల్లిపాదికీ కథ చెప్పారు. సీరియల్‌ టైమైనా ఎవరూ లేవలేదు. ఎంత అసలో, ఎంత కల్పనో మనవరాలికే తెలియాలి. చూపొచ్చిన ఆ అమ్మాయి చార్లీని చివరికి ఎట్లా గుర్తుపట్టిందో మాత్రం చెప్పలేదు.

"మీరే సూడుండ్రి" అంటూ చెయ్యి కడుక్కోవడానికి లేచారు.