అమ్మమ్మ పెట్టిన ముహూర్తం

పోయిన నెల మా అక్క ఫోన్ చేసింది. కొడుకు ఉద్యోగం మానేసి బొమ్మల కథలు గీస్తానంటున్నాడట. ఎవరో జ్యోతిష్యుడికి జాతకం చూపిస్తే "కళాయోగం లేదు" అన్నాడట. "వాడు నీ మాట వింటాడు, నువ్వైనా చెప్పరా" అంది.

నాకు జాతకాల మీద నమ్మకం లేదు. పుట్టినప్పుడు ఏ గ్రహం ఎక్కడుందో చూసి, ఒక మనిషి బొమ్మలు గీయగలడో లేదో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అక్కకి అదే చెప్పాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఒక పాత సంగతి గుర్తొచ్చి మనసు పాడైంది.

పాతికేళ్ల కిందట, నాతో పాటు ఉద్యోగం చేసే మిత్రుడొకడు తన మొదటి కథ నాకు చూపించాడు. హేతువాదిని, మొహమాటం లేనివాణ్ణి అని అప్పట్లో నాకు గర్వం. ఒక తెల్లకాగితం మీద పదకొండు తప్పులు వరసగా రాసిచ్చాను. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఆ కథలో ముసలాయన మాట్లాడే తీరు నాకు చాలా నచ్చింది. ఆ మాట రాయలేదు. నాకు తెలిసి అతను మళ్లీ కథ రాయలేదు. జ్యోతిష్యుడు చేసినదానికీ నేను చేసినదానికీ ఫలితంలో తేడా ఏముంది?

ఆర్.కె. నారాయణ్ సంగతి చూడండి. ఆయన మొదటి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1930లో మొదలుపెట్టారు. మొదలుపెట్టడానికి మంచిరోజు చూసింది వాళ్ల అమ్మమ్మ. ఆ సంగతి ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. మరి ముహూర్తబలం ఏమైంది? రాతప్రతి ప్రచురణకర్తల దగ్గరికి వెళ్లడం, తిరిగి రావడం, ఇదే వరస. విసిగిపోయి, దానికి రాయి కట్టి థేమ్స్ నదిలో పారెయ్యమని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితుడికి రాశారు. స్నేహితుడు పారెయ్యలేదు, గ్రాహం గ్రీన్‌ కి చదవమని ఇచ్చాడు. గ్రీన్‌కి నచ్చింది. ఆయన సిఫారసుతో 1935లో పుస్తకం వచ్చింది.

అది పెద్దగా అమ్ముడుపోలేదు. రెండో నవల 1937లో ఒకరు, మూడోది 1938లో ఇంకొకరు ప్రచురించారు. అప్పుడూ గ్రీన్ అండగానే ఉన్నారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది మాత్రం 1956లోనే. అన్నేళ్ల స్నేహమూ ఉత్తరాల మీదే నడిచింది.

ఇక్కడ మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నెగ్గినవాళ్ల కథలే మన దాకా వస్తాయి. ప్రోత్సాహం దొరికి కూడా ఓడిపోయినవాళ్ల లెక్క ఎవరు రాశారు? ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో, మనిషికి 'నేను చేయగలను' అనే నమ్మకం నాలుగు చోట్ల నుంచి వస్తుందన్నాడు. సొంతంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు నెగ్గడం చూడటం, ఇతరుల మాటలు, తన శరీరంలోని బెదురు లేదా కుదురు. వీటిలో అన్నిటికంటే బలమైనది సొంతంగా నెగ్గిన అనుభవం. మాట అంత బలమైనది కాదు. అయితే ఆ మాట మనిషిని ఇంకొక్కసారి ప్రయత్నించేలా చేస్తే చాలు. ధైర్యం ఆ ప్రయత్నంలోంచి వస్తుంది. గ్రీన్ మాట నారాయణ్‌ చేత రెండో నవల రాయించి ఉంటుందని నేననుకుంటాను.

అమ్మమ్మ పెట్టిన ముహూర్తానికి ఏ బలమూ లేదు. కానీ నవల రాస్తానన్న కుర్రాణ్ణి ఎగతాళి చెయ్యకుండా, ఆవిడ మంచిరోజు చూసిపెట్టింది. ఆ పనికి బలం ఉంది. పంచాంగాన్ని కాదనే తొందరలో మనం అమ్మమ్మని కూడా కాదంటున్నామేమో అని నా అనుమానం.

ఆదివారం మేనల్లుణ్ణి రమ్మన్నాను. నోటుపుస్తకాలన్నీ తెచ్చాడు. మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కో పేజీ చూశాను. "చేతులు బాగా వేస్తున్నావురా. ముఖాలే అన్నీ ఒకేలా ఉన్నాయి. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ టీకొట్టు మనిషి మీద పది పేజీల కథ గియ్యి. నెలాఖరుకి చూస్తాను" అన్నాను. గొప్పవాడివవుతావని చెప్పలేదు. అదీ జోస్యమే కదా. "నిజంగా చూస్తావా మావయ్యా?" అని రెండుసార్లు అడిగి వెళ్లాడు.

ఆ రాత్రి పాత మిత్రుడికి ఫోన్ చేశాను. ఆ కథలో ముసలాయన మాట్లాడే తీరు నాకు చాలా నచ్చిందని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "అప్పుడు పదకొండు రాసిచ్చావు. పన్నెండోది ఇప్పుడు చెప్తున్నావా?" అన్నాడు.

పాతికేళ్లయినా అంకె మర్చిపోలేదు.