చట్టానికి మాట నేర్పే చదువు

పదమూడవ శతాబ్దంలో మూలఘటిక కేతన ఒక కష్టతరమైన కార్యానికి పూనుకున్నాడు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన ‘మితాక్షర’ అనే సంస్కృత వ్యాఖ్యను ఆధారం చేసుకొని ‘విజ్ఞానేశ్వరీయం’ అనే పద్యకృతిని తెలుగులో నిర్మించాడు. అప్పులు, సాక్ష్యాలు, ఆస్తి పంపకాలు వంటి వ్యవహారాలు పండిత భాషలోనే నిలిచిపోతే, వాటితో నిత్యం పనిపడే జనానికి అందవు. ఆ కొరతను తీర్చడమే ఆ కృతి ప్రయోజనం.

ఏడు శతాబ్దాలు గడిచినా మితాక్షర పేరు న్యాయకళాశాలల తరగతి గదులలో నేటికీ వినిపిస్తూనే ఉంది. హిందూ కుటుంబ చట్టం చదివే ప్రతి విద్యార్థీ ఆ పేరుతోనే పాఠం ప్రారంభిస్తాడు.

న్యాయవిద్యకు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఇంటర్మీడియట్ ముగించినవారు అయిదేళ్ళ సమీకృత కోర్సులోను, డిగ్రీ పూర్తిచేసినవారు మూడేళ్ళ కోర్సులోను చేరవచ్చు. తెలుగు రాష్ట్రాలు రెండూ వేర్వేరుగా లాసెట్ నిర్వహిస్తున్నాయి. 1998లో హైదరాబాదులో ఏర్పడిన నల్సార్, 2008లో విశాఖపట్టణంలో ఏర్పడిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వంటి సంస్థలలో అయిదేళ్ళ కోర్సుకు క్లాట్ అనే జాతీయ స్థాయి పరీక్ష ద్వారా ప్రవేశం లభిస్తుంది.

ఆ చదువులో రాజ్యాంగం, ఒప్పందాల చట్టం, నేర చట్టం, సాక్ష్య చట్టం, ఆస్తి బదిలీ, కార్మిక చట్టాలు, పర్యావరణ చట్టం మొదలైనవి ప్రధాన పాఠ్యాంశాలు. వీటిని కంఠస్థం చేస్తే చాలుననే భ్రమ చాలామందికి ఉంటుంది. మోసగాణ్ణి ‘ఫోర్ ట్వంటీ’ అనడం మన వాడుకలో స్థిరపడిపోయింది. కాని 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమలులోకి రాగానే, ఆ నేరం 318వ సెక్షన్‌కు మారిపోయింది. అంకెలను మాత్రమే నేర్చినవాడి విద్య ఒక్కరోజులో పాతబడింది. మోసమంటే ఏమిటో గ్రహించినవాడి విద్య నిలిచింది.

అందుచేతనే బార్ కౌన్సిల్ 2008లో రూపొందించిన నిబంధనలు నాలుగు ఆచరణాత్మక పాఠాలను తప్పనిసరి చేశాయి. దావా పత్రాలు, దస్తావేజులు రాయడం మొదటిది. వృత్తిధర్మం రెండవది. రాజీ, మధ్యవర్తిత్వం వంటి ప్రత్యామ్నాయ మార్గాలు మూడవది. న్యాయస్థానాన్ని తలపించే మూట్ కోర్టులో వాదించడం, ఇంటర్న్‌షిప్ చేయడం నాలుగవది. అయిదేళ్ళ కోర్సువారు కనీసం ఇరవై వారాలు, మూడేళ్ళవారు పన్నెండు వారాలు ఇంటర్న్‌షిప్ పూర్తిచేయాలి. వీటితోపాటు కళాశాలలలోని న్యాయసహాయ కేంద్రాలు విద్యార్థిని పుస్తకం నుండి మనిషి ముందుకు తెస్తాయి.

అటువంటి ఒక కేంద్రానికి ఒకనాడు అరవై ఏళ్ళు దాటిన ఒక రైతు స్త్రీ వచ్చింది. 1983లో ఆమె వివాహం జరిగింది. 1999లో తండ్రి మరణించాడు. ఆయన భూమిలో తనకు వాటా ఉందా అన్నదే ఆమె ప్రశ్న. నాలుగో సంవత్సరం విద్యార్థిని ఉత్సాహంగా మితాక్షర గురించి, కోపార్సినర్ల గురించి, జన్మతః సంక్రమించే హక్కు గురించి వివరించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరుకు ముందే పెళ్ళయిన కుమార్తెలకు వర్తించలేదని, 2005లో కేంద్ర సవరణ ఆ తేడాను తొలగించిందని, సవరణనాటికి తండ్రి జీవించి ఉండవలసిన అవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చిందని చెప్పింది. చెప్పినదంతా యథార్థమే.

ఆమె ఓపికగా విని, “అర్థం కాలేదు తల్లీ. వాటా ఉందా, లేదా?” అని అడిగింది.

విద్యార్థిని తడబడింది. పక్కనే ఉన్న అధ్యాపకురాలు, “ముందు ఆమెను అడుగు, తరువాత చెప్పు” అన్నారు. విద్యార్థిని పుస్తకం మూసింది.

“పెద్దమ్మా, ఆ భూమి మీ నాన్నగారు కొన్నదా, తాతల నాటిదా?”

“తాతల నాటిదే.”

“మీవాళ్ళు పంచుకొని రిజిస్టరు చేయించుకున్నారా?”

“లేదమ్మా. తమ్ముళ్ళు ముగ్గురూ కలిసే సాగుచేస్తున్నారు.”

“హక్కు వదులుకుంటున్నట్లు మీరెక్కడైనా వేలిముద్ర వేశారా?”

“ఎక్కడా వేయలేదు.”

“అయితే ఒక్కొక్క తమ్ముడికి ఎంత హక్కో మీకూ అంతే హక్కు. పెళ్ళయినా, నాన్నగారు ముందే పోయినా అది పోదు.”

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఇన్నేళ్ళూ లేదన్న మాటే విన్నాను. ఇప్పుడు అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందేమో!” అన్నది.

ఈ ప్రశ్నకు కుటుంబ చట్టంలో సమాధానం లేదు. విద్యార్థినికి తాను తేలికగా చదివి వదిలేసిన మధ్యవర్తిత్వం పాఠం గుర్తుకు వచ్చింది. కోర్టుకు పోకముందే తమ్ముళ్ళను కూర్చోబెట్టి మాట్లాడవచ్చునని, జిల్లా న్యాయసేవాధికార సంస్థ సహాయం కోరవచ్చునని, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుందని చెప్పింది. దావా వేయాలా, వద్దా అన్నది మాత్రం ఆమె నిర్ణయానికే విడిచిపెట్టింది. అది వృత్తిధర్మం నేర్పిన సంయమనం.

వెళ్ళబోతూ ఆమె, “ఇదంతా ఒక కాగితం మీద రాసివ్వు తల్లీ. మా మనవడి చేత చదివించుకుంటాను” అని కోరింది.

న్యాయశాస్త్ర గ్రంథాలు ఇంగ్లీషులోనే చదివిన ఆ విద్యార్థినికి ఒక్క పుట తెలుగు రాయడానికి గంట పట్టింది. రెండుసార్లు కొట్టివేసి, మూడోసారి రాసింది. కేతన ఏనాడో పూనుకున్న పని ఎంత కఠినమైనదో, ఎంత అవసరమైనదో ఆమెకు ఆ గంటలో తెలిసివచ్చింది. పరీక్షలో ఆ కాగితానికి మార్కులుండవు. కాని న్యాయవిద్య ఫలించింది ఆ కాగితంలోనే.