యాత్రకు ముందు నేర్వవలసిన మాటలు

పరదేశమునకు పోవువారు పెట్టెలో వస్త్రములను, ఔషధములను, ఊరగాయ సీసాలను సర్దుకొనుటకు చూపు శ్రద్ధలో నాల్గవవంతైనను ఆ దేశభాషలో నాలుగు మాటలు నేర్చుటకు చూపరు. ఇంగ్లీషు వచ్చినవారొకరు వెంట నున్నారు గదా యని యందురు. ఆ యొకరు సాధారణముగా ఇంటి యజమానుడు. తక్కినవారు, ముఖ్యముగా స్త్రీలు, ఆయన వెనుక మూగలై నడతురు. ఈ మూగతనము వలన కలుగు కష్టమును గూర్చియే నేనీ వ్యాసమును వ్రాయుచున్నాను.

2023 నవంబరులో థాయిలాండు ప్రభుత్వము భారతీయులకు వీసా లేకయే ప్రవేశము నొసగినది. 2024లో 20 లక్షలకు పైగా భారతీయులు ఆ దేశమును జూచిరి. మన వరంగల్లు, హనుమకొండ కుటుంబములును వారిలో గలవు, మాది అందొకటి.

మా అత్తగారు మాంసమే కాదు, ఉల్లి వెల్లుల్లియు ముట్టరు. పూర్వము కాశీయాత్రలో రెండు దినములు అరటిపండ్లతోనే గడపిరి. తినరేమని కుమారు డడిగిన ఆకలి లేదనిరి. త్రోవలో నీరు త్రాగుటయు మానిరి. మరుగుదొడ్డి యెక్కడ నున్నదని పరాయివారిని అడుగుటకు సిగ్గు, కుమారుని అడుగుటకు మొగమాటము. ఇట్లు దాహమును చంపుకొని ప్రయాణము చేయు స్త్రీలు మన యిండ్లలో నెందరు లేరు! దీనిని మనము ఓర్పని మెచ్చుకొనుచున్నాము. ఇది ఓర్పు గాదు, నోరు లేకపోవుట.

అందుచేత ఈ మారు బయలుదేరుటకు నెల దినములు ముందుగా, రాత్రి భోజనములైన పిదప ఇంటిల్లిపాదియు గూర్చుండి దినమున కొక మాట చొప్పున థాయి భాష నేర్చితిమి.

మొదటి పాఠము నమస్కారము. ‘సవత్‌దీ’ యను మాట మన ‘స్వస్తి’ శబ్దము నుండి పుట్టినది. చులలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయమున బోధించిన ఫ్రయా ఉపకిత్ సిల్పసాన్ అను పండితుడు దీనిని వాడుకలోనికి తెచ్చెను. 1943లో ప్రభుత్వము దానిని స్వీకరించెను. మర్యాద కొరకు దాని తుదిని పురుషుడు ‘ఖ్రప్’ అనియు, స్త్రీ ‘ఖా’ అనియు చేర్పవలెను. వినువా రెవరైనను సరే, పలుకువారిని బట్టియే యీ ప్రత్యయము మారును. నా భర్త ‘సవత్‌దీ ఖ్రప్’ అనగా అత్తగారును అట్లే యనిరి. అది పురుషుల మాట యని చెప్పగా వారు నవ్వి, “వాని మాట నాకు పనికిరాదట బిడ్డా; నా మాట నేనే నేర్చుకోవాలె” అనిరి.

ఎంత చక్కని మాట! మన యోరుగంటి నేలిన రుద్రమదేవియే పెక్కు శాసనములలో రుద్రదేవ మహారాజను పురుషనామమున కనబడుచున్నది. ఆ భాషలోనో, సామాన్య గృహిణి సైతము పురుషుని మాటను వల్లించిన తప్పగును. ఆ వ్యాకరణము చేసిన మేలు మన సంఘ మింకను పూర్తిగా చేయలేదు.

మనకు ఈ భాషలో కొంత సుళువు గలదు. ఆహారము ‘ఆహాన్’, భాష ‘ఫాసా’, గురువు ‘ఖ్రూ’, బ్యాంకు ‘థనాఖాన్’, అనగా ధనాగారము. రైలు ‘రొత్‌ఫై’, రొత్ అన మన రథమే, ఫై అన నిప్పు. కష్టమెల్ల స్వరమునందే. స్వరభేదము లైదు. ‘ఖావ్’ అను మాట స్వరము క్రిందికి దిగిన అన్నము, పైకి లేచిన తెలుపు, అడుగున నిలిచిన వార్త. కావున పుస్తకములో చదివిన చాలదు. చెవితో విని నోటితో పలుకవలెను.

భోజనపు మాటలు మరింత ముఖ్యములు. శాకాహారమునకు ‘మంగ్‌సవిరత్’, అనగా మాంసవిరతి, యను పదమున్నది. కాని అందు గ్రుడ్డు ఉండవచ్చును. కూరగాయల వంటలో సైతము ‘నామ్ ప్లా’ యను చేపరసము పోయుట అచ్చటి యలవాటు. ‘మై సై నామ్ ప్లా’ యనిన అది వేయవద్దని యర్థము. చీనా బౌద్ధుల నియమము ననుసరించిన ‘జే’ ఆహారములో మాంసము, చేప, గ్రుడ్డు, పాలు మాత్రమే గాక ఉల్లి వెల్లుల్లియు నిషిద్ధములు. పసుపు జెండాపై ఎఱ్ఱని అక్షరములు దాని గుర్తు. పెరుగన్నము మాత్ర మచ్చట ఆశింపరాదు.

బ్యాంకాకులో రెండవనాడు అట్టి జెండా గల చిన్న యంగడి ముందు అత్తగారు మాకంటె ముందు నడచి, చేతులు జోడించి, ‘కిన్ జే ఖా’ యనిరి. అంగడిలోని వృద్ధురాలు నవ్వి వడ్డించెను. ‘థావ్‌రై ఖా’ యని ధరయు వారే యడిగి, వారే చెల్లించిరి. ఆ సాయంకాలము త్రోవలో మమ్ము నిలువుమని, ఒక యువతిని ‘హోంగ్ నామ్ యూ థీ నై ఖా’ యని యడిగి మరుగుదొడ్డికి పోయి వచ్చిరి. తిరిగి వచ్చి సీసాడు నీళ్లు త్రాగిరి. ప్రయాణములో వా రట్లు త్రాగుట నే నదే మొదటిసారి చూచుట.

చేతిలోని సెల్‌ఫోనే అనువదించును గదా, ఈ శ్రమ యేల యని కొందరందురు. యంత్రము మంచిదే. కాని కుటుంబము కలసి పోవునపుడు అది యెవరి చేతిలో నుండును? ఆపద వచ్చినపుడు రక్షింపుడని ‘చువై దువై’ యని అరచుటకు ముందు దానిని తెరచు వ్యవధి యుండునా?

కావున చదువరులారా, నమస్కారము, కృతజ్ఞత, ధర, నీరు, ఆహారనియమము, మరుగుదొడ్డి, సహాయము, వీనికి సంబంధించిన మాటలు యాత్రకు పోవు ప్రతివారి నోటను నుండవలెను. టిక్కెట్లు కొన్ననాడే పాఠము మొదలుపెట్టుడు. మొదట ఇంటి పెద్దమ్మగారికి నేర్పుడు.