ఉప్పుబుడ్డి

ప్రతి మనిషికీ ఏదో ఒక పిచ్చి ఉంటుంది. కొందరికి తపాలా బిళ్ళలు, కొందరికి పాత నాణేలు. నాకు ఉప్పుబుడ్లు. అవీ మామూలువి కావు. టెలివిజన్ కథల్లో అంతరిక్షానికి వెళ్ళివచ్చినవాటి తోబుట్టువులు. "రిటైరైన మనిషి రామకోటి రాసుకోకూడదా?" అంటుంది మా ఆవిడ.

సంగతేమిటంటే, 1966 సెప్టెంబరు 8న అమెరికాలో 'స్టార్ ట్రెక్' మొదలైంది. ఆనాటి కథ పేరు 'ది మ్యాన్ ట్రాప్'. ఎక్కడో ఒక గ్రహం మీద, తన జాతిలో కడపటిదిగా మిగిలిన వింత జీవి. దానికి ఉప్పు లేనిదే బతుకు లేదు. ఎదుటివాడికి కావలసిన మనిషి రూపంలో దగ్గరికి చేరి, ఒంట్లోని ఉప్పంతా పీల్చేస్తుంది. ఆ కథ కోసం సామాన్లు సమకూర్చేవారు వింత వింత ఆకారాల ఉప్పుబుడ్లు కొనుక్కొచ్చారు. తీరా చూస్తే, అవి ఉప్పుబుడ్లని జనం పోల్చుకోలేరేమోనన్న భయం పట్టుకుంది. అంచేత కథలో మామూలు బుడ్లే వాడి, వింతవాటిని డాక్టరు మెకాయ్ చేతికి వైద్య పరికరాలుగా ఇచ్చారు. ఉప్పు చల్లవలసినవి రోగాలు కుదర్చసాగాయి!

చెంచాలకూ ఇలాంటి చరిత్రే ఉంది. డెన్మార్క్ వాస్తుశిల్పి ఆర్నె యాకబ్సన్ 1957లో కోపెన్‌హేగన్ హోటలు కోసం రూపొందించిన చెంచాలూ ఫోర్కులే, 1968 నాటి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చిత్రంలో వ్యోమగాముల భోజనానికి పనికొచ్చాయి.

అసలు వస్తువులు మనబోటివాళ్ళకు అందవు. 2006లో న్యూయార్కులో క్రిస్టీస్ వారు 'స్టార్ ట్రెక్' సామగ్రిని మూడు రోజులపాటు వేలం వేశారు. అక్కడి పాట మన పెన్షనుకు తూగుతుందా? అంచేత అదే నమూనా అంగడి సరుకును వెతికి కొనుక్కుంటాను. మొన్న ఒక బుడ్డికి, తపాలా ఖర్చుతో కలిపి, నాలుగు వేలయింది. ఆ లెక్క మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

మాది నెల్లూరు జిల్లా ఇసకపల్లి పక్క. సముద్రపు నీళ్ళు మడుల్లోకి పెట్టి, ఎండకు ఇగరనిచ్చి, పేరుకున్న ఉప్పును గుట్టలు పోసే చోటు. మా వంటింట్లో పొయ్యి పక్కనే ఒక పింగాణీ జాడీ ఉండేది. అమ్మ చేపల పులుసు దించబోయే ముందు అందులో చెయ్యిపెట్టి, చూడకుండానే, సరిపడా కల్లుప్పు తీసేది.

1990లలో నేను మద్రాసులో ఉండగా ఒక మిత్రుడు తెచ్చిన క్యాసెట్లో ఈ కథ చూస్తున్నాను. అమ్మ నా పక్కన కూర్చుంది. మాటలు తెలియవు, నేనే చెబుతూ వచ్చాను. చివర డాక్టరు ఆ జీవిని కాల్చేశాడు. అమ్మ ముఖం చిన్నబోయింది.

"ఏందిరా, ఆ పాటి దానికి చంపేసినారు? మనూరికి తోలుంటే గుట్టకు గుట్టే పెట్టుండేవాళ్ళం గదా!"

నేను పడీ పడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

అమ్మ పోయాక ఊళ్ళో ఇల్లు ఖాళీ చేశాం. పాత సామాన్లవాడు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. జాడీ అంచు కాస్త పెచ్చులూడి ఉంది. "అదీ తీసుకుపో" అన్నది నేనే. వాడు ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు. అది ఎప్పుడు విరిగిపోయిందో కూడా గుర్తులేదు.

నాలుగువేల బుడ్డి వచ్చిన రోజున మురిసిపోయి, ఊరినుంచి తెప్పించిన కల్లుప్పు అందులో పోశాను. తలకిందులు చేసి ఊపాను. ఒక్క పలుకు రాలలేదు. దాని కన్నాలు సన్నపొడి ఉప్పుకే గాని, మా ఊరి ఉప్పుకు కావు.

మా ఆవిడ చూసి, "పోనిద్దురూ, రక్తపోటు మనిషికి అదే మంచి బుడ్డి" అంది.

నిజమే కాబోలు. అయినా నా చెయ్యి మాత్రం, గుప్పెడు పట్టే ఆ జాడీ మూతికోసం ఇంకా పొయ్యి పక్కనే వెతుకుతూంటుంది.