డింగీ

యుద్ధచరిత్రలు చదివేటప్పుడు నాకొక అలవాటు. గెలుపోటముల పుటలను త్వరగా దాటేసి, తిరిగిరాని వారి పట్టికల దగ్గర ఆగిపోతాను. 1943 మే 16 రాత్రి బ్రిటిష్ వాయుసేనలోని 617వ స్క్వాడ్రన్ జర్మనీ ఆనకట్టలపై జరిపిన దాడి గురించి చదివినప్పుడూ అదే జరిగింది.

1955లో వచ్చిన సినిమాను మీలో కొందరు చూసే ఉంటారు. రూర్ ప్రాంతపు పరిశ్రమలకు ఆధారమైన ఆనకట్టలను కూల్చడానికి బార్న్స్ వాలిస్ అనే ఇంజనీరు ఒక వింత బాంబును రూపొందించాడు. చెరువులో విసిరిన పెంకులాగా అది నీటిపై గెంతుతూ పోయి గోడను తాకుతుంది. వెన్నెలలో, 60 అడుగుల ఎత్తునుండి దానిని విడవాలి. 19 లాంకాస్టర్ విమానాలలో 133 మంది బయలుదేరారు. మోనే, ఈడర్ ఆనకట్టలు తెగాయి. 8 విమానాలు తిరిగిరాలేదు.

ఆ పట్టికలో నన్ను వదలని పేరు స్క్వాడ్రన్ లీడర్ హెన్రీ మెల్విన్ యంగ్. అంతకు మునుపు రెండుసార్లు అతని విమానం సముద్రంలో దిగవలసి వచ్చింది. రెండుసార్లూ డింగీ అనే రబ్బరు పడవ అతణ్ణి కాపాడింది. ఒకసారైతే అట్లాంటిక్‌పై 22 గంటలు అందులోనే గడిపాడు. తోటివారు ఆ పడవ పేరునే అతనికి పెట్టారు. ఆ రాత్రి అతని బాంబు మోనే గోడను సూటిగా తాకింది. ఇంటిదారిలో హాలండ్ తీరం దాటుతుండగా, కాస్ట్రికమ్ దగ్గర ఫిరంగులు అతని విమానాన్ని సముద్రంలో కూల్చాయి. ఈసారి పడవకు వ్యవధి లేదు. ఏడుగురూ మరణించారు. అతనికి 27 ఏళ్ళు.

స్థావరం నుండి 56 ఇళ్ళకు తంతివార్తలు వెళ్ళాయి. ఆ 56 మందిలో ముగ్గురు బందీలుగా బ్రతికే ఉన్నారని తరువాత తెలిసింది. కాని రెండుసార్లు సముద్రం నుండి తిరిగివచ్చినవాని ఇంట, జాడ తెలియలేదన్న మాటను ఎలా చదువుకొని ఉంటారు? ఇంకొక్కసారి వస్తాడని ఎన్నాళ్ళు ఎదురుచూసి ఉంటారు?

యంగ్ బృందాన్ని అలలు ఒడ్డుకు చేర్చాయి. బెర్గెన్‌లో వారికి సమాధులున్నాయి. వెళ్ళేటప్పుడే టెక్సెల్ ద్వీపం దగ్గర కూలిన బయర్స్ విమానంలో మాత్రం ఒక్కరి దేహమే దొరికింది. మిగిలిన ఆరుగురికీ ఇంగ్లండులోని రన్నీమీడ్ స్మారకంపై చెక్కిన పేర్లే మిగిలాయి. ఆ గోడలపై సమాధి లేని 20 వేలకు పైగా వైమానికుల పేర్లున్నాయి. దేహం దొరకనివారికి మనవాళ్ళు దర్భలతో బొమ్మ చేసి కర్మ జరుపుతారు. ఆ రాతిగోడ కూడా అటువంటిదేననిపిస్తుంది.

ఆ రాత్రి తెగిన నీరు లోయలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో చాలామంది సోవియట్ నేలల నుండి పట్టుకొచ్చి, శిబిరాలలో బంధించి పనిచేయించిన స్త్రీలు. వారికి ఆ ఆనకట్టతోగాని, ఆ యుద్ధపు గెలుపుతోగాని నిమిత్తం లేదు. వారి ఇళ్ళకు తంతి పంపేవారెవరు?