మూగబోయిన బేస్ గిటారు



కోత పండుగ నాడు రెండో పాట మధ్యలో బేస్ గిటారు ఆగిపోయిన సంగతి ఇక్కడున్న వారందరికీ తెలుసు. జాక్ బాగానే ఉంది, ఆంప్లిఫయరు బాగానే ఉంది. పికప్‌కి మల్టీమీటరు పెడితే ముల్లు కదల్లేదు. చెమ్మ పట్టి లోపల వైరు తెగింది. వాయించే తమ్ముడు కూలి డబ్బులు కూడబెట్టి కొనుక్కున్న గిటారు అది. "డ్రమ్ముతో సరిపెట్టుకోండి అయ్యగారూ" అని వెళ్లి వెనక కూర్చున్నాడు. రెండు ఆదివారాలు అలాగే కూర్చున్నాడు. మూడో ఆదివారం రాలేదు. మేము ఇంటికి వెళ్లి గిటారు అడిగి తెచ్చుకున్నాం.

కొత్త పికప్ కొనడానికి కానుక పెట్టెలో డబ్బు లేదు, రేకులు మార్చడానికే అయిపోయింది. విప్పి చూస్తే అందులో పెద్ద రహస్యమేమీ లేదు. అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ సన్నని రాగి వైరు. పైన ఉక్కు తీగ అదిరితే వైరులో కొద్దిపాటి కరెంటు పుడుతుంది, అదే స్వరం. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు 1957లో పికప్‌ను రెండు ముక్కలుగా మార్చారు. మనది ఆ నమూనాయే. రెండు ముక్కల్లో అయస్కాంతాల ముఖాలూ, చుట్టు దిశా ఒకదానికొకటి వ్యతిరేకం. ట్యూబులైట్లూ, కరెంటు వైర్లూ తెచ్చే గుర్రు శబ్దం అక్కడే కొట్టుకుపోతుంది, తీగల స్వరం మిగులుతుంది. మన ఊరి కరెంటుకు అది చాలా అవసరం.

సామాను ఎక్కడ దొరుకుతుంది? ముందు పాడైన స్పీకరు అయస్కాంతం పగలగొట్టాం. అది పెంకులాగా ముక్కలైంది, దండగ. చిన్న నియోడిమియం బిళ్లలు తేలికగా దొరుకుతాయి గానీ వాటి లాగుడు ఎక్కువ, తీగ సరిగా అదరనివ్వవు. కావలసింది ఆల్నికో కడ్డీలు. అల్యూమినియం, నికెల్, కోబాల్టు ఇనుముతో కలిసిన లోహం అది. తీగకు రెండు చొప్పున 8 కడ్డీలు ఆన్‌లైన్‌లో తెప్పించాం.

వైరు దగ్గర చాలా తిరిగాం. పికప్‌కు వాడేది 42 ఏడబ్ల్యుజి, అంటే 0.063 మిల్లీమీటర్లు. మన షాపుల్లో లెక్క ఎస్‌డబ్ల్యుజి, అందులో దగ్గరది 46. ఈ తేడా తెలియక మొదట 42 ఎస్‌డబ్ల్యుజి కొనుక్కొచ్చాం. అది 0.1 మిల్లీమీటరు, లావు. వెయ్యి చుట్లకే అర్థమైంది, పదివేలు ఆ చోటులో పట్టవని. చివరికి హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో 46 దొరికింది.

మిగతావన్నీ ఊళ్లోనే ఉన్నాయి. పైనా కిందా పలకలకు ఫైబరు షీటు మన వైండింగ్ మేస్త్రీ ఇచ్చాడు. ఆయన మన మందిరానికి రాడు. అయినా కౌంటరున్న చేతి మిషను నాలుగు రాత్రులు వదిలిపెట్టాడు. నిర్గమకాండములో సేవకు వచ్చిన స్త్రీల అద్దాలతో గంగాళము చేశారని చదువుతాం కదా, ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఈ వైరు వెంట్రుకంత సన్నం. వేళ్ల మధ్య గొంగడి ముక్క పెట్టి జారనివ్వాలి, బిగిస్తే తెగుతుంది. తమ్ముడు మిషను తిప్పుతుంటే వైరు పట్టింది మేమే. సాయంకాల ప్రార్థనకు ఆలస్యమవుతోందని తొందరపెట్టాం. 6,200 దగ్గర పుటుక్కుమంది. తప్పు మాది. అతను ఒక్క మాట అనలేదు, చుట్టిందంతా విప్పి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాడు. ఆ రాత్రి ప్రార్థన తొమ్మిదింటికి జరిగింది.

రెండు చుట్టలూ పూర్తయ్యాక మీటరు ఒక్కోదానికి సుమారు 5 కిలో ఓములు చూపింది. క్రిస్మస్‌కు మిగిలిన కొవ్వొత్తులు, కొంచెం తేనె మైనం కలిపి, నీళ్ల గిన్నెలో పెట్టిన డబ్బాలో కరిగించి ముంచాం. వైరు లోపల కదిలితే కీచుమంటుంది, మైనం ఆ కదలిక ఆపుతుంది. ఎవరైనా చేస్తే డబ్బాను నేరుగా పొయ్యి మీద పెట్టకండి, మైనం అంటుకుంటుంది.

పోయిన ఆదివారం మీరు విన్నది ఆ పికప్‌నే. మూడో తీగ కొంచెం తక్కువగా పలుకుతోందని తమ్ముడు అంటున్నాడు, ఈ వారం ఆ వైపు స్క్రూ తిప్పి పైకెత్తుతాం. మేస్త్రీ బయట సైకిలు పట్టుకుని ఒక పాట దాకా నిలబడి, ఎవరిదో బోరు మోటారు ఉందని వెళ్లిపోయాడు. వైరు ఇంకా సగం పైనే ఉంది. పక్క సంఘాల వారికి ఎవరికైనా కావాలంటే అడగండి.