సలాబత్‌పురా బట్టల బజారు, ఫ్రాన్సు రాజుల గోడ తెరలు

సూరత్ రైల్వే స్టేషనులో దిగి రింగురోడ్డు వైపు సాగే యాత్రికునికి, చీరల మూటలు మోసే హమాలీలనూ తోపుడుబండ్లనూ తప్పించుకొంటూ నడవగా, బట్టల మార్కెట్లను ఆనుకొని సలాబత్‌పురా ఎదురవుతుంది. ఈ ఊళ్ళో తెలుగు వినబడడం వింతేమీ కాదు. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడగా, నగరపాలక సంస్థ తెలుగు బడులను సైతం నడుపుతోంది. వెండి తీగను సన్నగా లాగి, పట్టుదారానికి చుట్టి, బంగారు పూత పెట్టిన సూరత్ జరీ మన చీరల అంచుల్లో తరతరాలుగా మెరుస్తూనే ఉంది.

బట్టే బతుకైన ఈ రేవుకు 1668లో ఫ్రెంచివారు వచ్చారు. ఫ్రాన్సు మంత్రి కోల్బేర్ 1664లో స్థాపించిన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ మన దేశంలో తన తొలి వర్తక స్థావరాన్ని ఇక్కడే తెరవగా, అదే కోల్బేర్ 1662లోనే పారిస్‌లో పద్నాలుగో లూయీ కోసం గోబెలిన్ కార్ఖానాను ఏర్పరచి ఉన్నాడు. అక్కడ నేసిన టాపెస్ట్రీ అద్దకమూ కాదు, కుట్టుపనీ కాదు. పడుగు బొత్తిగా కనబడకుండా, ఏ రంగు పేక ఆ రంగు అవసరమైనంత మేరకే పోయి వెనుదిరిగేటట్లు నేసిన బొమ్మల గోడ తెర. నూలు ఒంటికి పట్టు అంచును పేకల మెలికతో కలిపే గద్వాల నేతగానికి ఇందులోని కిటుకు ఇట్టే పట్టుబడుతుంది.

ఏళ్ళ తరబడి నేసిన ఈ తెరలు ఫ్రెంచి రాజులకు దౌత్యపు కానుకలయ్యాయి. 1717లో పారిస్ వచ్చిన రష్యా జారు పీటర్‌కు బైబిలు కొత్త నిబంధన కథల తెరలు లభించాయి. 1760వ దశకంలో, చిత్రకారుడు బూషే చిత్రాలను అనుసరించి బోవేలోని మరో కార్ఖానాలో నేసిన చైనా దృశ్యాల తెరలు ఏకంగా చైనా చక్రవర్తికే వెళ్ళాయి. పారిస్ ఊహించుకొన్న చైనాను చైనాకే కానుక చేయడం కొంత చోద్యమే.

మన నేలతో మాత్రం ఆ రాజ్యానికి కానుకల కన్నా బేరమే ముఖ్యం. ఆర్మేనియన్ వర్తకుడు మార్కారా 1669లో గోల్కొండ సుల్తాను నుంచి ఫర్మానా పొందగా ఫ్రెంచివారు మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టారు. మన అద్దకపు నూలు బట్టలు ఫ్రాన్సు జనానికి ఎంత నచ్చాయంటే, ఉన్ని, పట్టు నేతగాళ్ళ గోల భరించలేక ప్రభుత్వం 1686లో వాటిని నిషేధించింది. ఆ నిషేధాన్ని 1759లో ఎత్తివేశారు. అదే సంవత్సరం సూరత్ కోట ఇంగ్లీషు కంపెనీ వశమైంది. మచిలీపట్నం ఫ్రెంచివారి చేజారింది.